చీటీ పడ్డ దంపతులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. ఎండలో పడి తిరిగే ఉద్యోగం చేసేవాళ్ళకి అది ఇంకెక్కడ ఉండాలో వాళ్ళే చెప్పాలి. నేను సర్వేలు చేసే మనిషిని. చేతిలో ట్యాబు పట్టుకుని, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళ గుమ్మం ముందు నిలబడి "ఒక అరగంట సమయం ఇస్తారా అండీ" అని అడగడం నా పని. అమలాపురంలో గది అద్దెకి తీసుకుని కోనసీమంతా స్కూటీ మీద తిరిగాను. తిరిగిన ఊళ్ళు చాలా ఉన్నాయి. కానీ మామిడికుదురు దాటాక కాలవగట్టు మీదుగా లోపలికి వెళ్ళే ఒక ఊరి సంగతి మాత్రం తలుచుకున్నప్పుడల్లా సిగ్గు వేస్తుంది, సంతోషమూ వేస్తుంది. సిగ్గు నా గురించి. సంతోషం మా టీచరుగారి గురించి, ఇంకో ఇద్దరి గురించి.

టీచరుగారంటే మా సూపర్‌వైజరు. రాజోలు దగ్గర మనిషి. వాళ్ళ తాతగారి దగ్గర్నుంచి ఇంట్లో అందరూ బడిపంతుళ్ళే. ఆవిడ కూడా ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో కూర్చోబుద్ధి కాక ఈ పనిలోకి వచ్చారు. నల్ల గొడుగు, భుజానికి గుడ్డసంచి, ఆ సంచిలో ఒక సుద్దముక్కల పెట్టె. గొంతు ఎత్తి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు, ఆదివారం చర్చిలో పాడేటప్పుడు తప్ప. మొదటి వారం అంతా ఈవిడకి చాదస్తం ఎక్కువ అనుకున్నాను.

మా సర్వే దంపతుల గురించి. ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు, జబ్బు చేస్తే ఎవరు ఎవరిని చూసుకుంటారు, ఒకరి మాట ఒకరు ఎంతవరకు వింటారు, ఇలాంటి ప్రశ్నలు. భార్యని ఒకరం, భర్తని ఒకరం, ఒకే సమయంలో, ఒకరి జవాబు ఇంకొకరికి వినపడకుండా అడగాలి. దానికంటే ముందు ఇంకో పెద్ద పని ఉంటుంది. ఊళ్ళో ప్రతి ఇంటి గోడ మీదా సుద్దతో ఒక నంబరు వేసి, ఆ ఇంట్లో ఆలుమగలు కలిసి ఉంటున్నారా లేదా అని రాసుకోవాలి. భర్త గల్ఫ్‌లో ఉంటే ఆ ఇల్లు లెక్కలోకి రాదు. ఆ వివరాలు ఆఫీసుకి పంపితే, కంప్యూటరు అందులోంచి ఇరవై ఇళ్ళ నంబర్లు తీసి పంపుతుంది. ఆ ఇరవై జంటల్నే అడగాలి. ఇరవై ఒకటో జంట ఎంత ముచ్చటగా ఉన్నా అడగకూడదు. ఇంట్లో లేకపోయినా, ఒప్పుకోకపోయినా మూడుసార్లు వెళ్ళాలి. మూడోసారీ కుదరకపోతే ఆ మాటే రాసి వదిలెయ్యాలి. అంతేగానీ పక్కింటివాళ్ళని వాళ్ళ బదులు ఎక్కించకూడదు.

"ఎందుకండీ ఇంత పట్టుదల? ఏ జంటైనా జంటే కదా" అని ఒకరోజు విసుక్కున్నాను.

"కొబ్బరికాయల రాశి ఎప్పుడైనా బేరమాడేవా?" అన్నారు టీచరుగారు. "అమ్మేవాడు పెద్ద కాయలన్నీ పైన పేరుస్తాడు. పైవి చూసి బేరం కుదుర్చుకుంటే మన పనైపోద్ది. కళ్ళు మూసుకుని, అడుక్కి చెయ్యి పెట్టి తియ్యాలి. ఏ కాయ వస్తే అది. అప్పుడే రాశి సంగతి తెలుస్తాది."

నాకు అర్థమైందనే అనుకున్నాను. అర్థం కాలేదని తర్వాత తేలింది.

ఆ ఊరి ఇరవై నంబర్లూ ఆఫీసు నుంచి వచ్చిన రోజు టీచరుగారికి వేరే ఊళ్ళో పని పడింది. ఆలుమగలిద్దరూ ఏ వేళకి దొరుకుతారో కనుక్కోవడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఊరంతా కొబ్బరి దింపుల హడావుడిలో ఉంది. పొద్దున్నించి తిరిగితే సగం ఇళ్ళకి తాళాలు. తలుపు తీసినచోట భర్త ఉంటే భార్య లేదు, భార్య ఉంటే భర్త తోటలో ఉన్నాడు. ప్రతి ఇంట్లోనూ ముందు ఒక బొండాం కొట్టి చేతికిచ్చి, తాగేదాకా కదలనివ్వకుండా, తాగాక "ఆయనగారు రేపుంటారండి" అని చెప్పేవాళ్ళు. ఆరు బొండాలు తాగాను గానీ ఒక్క జంటా దొరకలేదు. మధ్యాహ్నానికి నా ఓపిక అయిపోయింది.

ఊళ్ళో మహిళా సంఘాల లీడరు ఒకావిడ ఉన్నారు. చిన్నా పెద్దా అందరూ ఆవిడని వదినగారు అనే పిలుస్తారు. నన్ను కూర్చోబెట్టి ఫ్యాను వేసి, "ఇంత ఎండలో మీరెందుకు తిరగడం అండీ? ఆ నంబర్లేవో ఇలా ఇవ్వండి. రేప్పొద్దున్న అందర్నీ హాల్లో కూర్చోబెడతాను. మీరు వచ్చి రాసుకోవడమే" అన్నారు.

జాబితా బయటివాళ్ళ చేతికి ఇవ్వకూడదని శిక్షణలో మొదటిరోజే చెప్పారు. ఇచ్చేశాను. పైగా, "వీళ్ళండీ చీటీ పడ్డ దంపతులు" అని నేనే నోరు జారాను. ఆ మాట ఆ ఊళ్ళో ఎలా అర్థమవుతుందో నాకు తెలీదు.

మర్నాడు టీచరుగారూ నేనూ కమ్యూనిటీ హాలుకి వెళ్ళేసరికి గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల ఇరవై జంటలు కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. భర్త పక్కన ఎడమవైపు భార్య. పట్టుచీరలు, జరీ కండువాలు, తలల నిండా పూలు. ఒక బల్ల మీద తమలపాకులూ అరటిపళ్ళూ, ఇంకో బల్ల మీద గిన్నెడు పులిహోర. నాకు ప్రాణం లేచొచ్చింది. మూడు రోజుల పని ఒక్కరోజులో అయిపోతుందని స్కూటీకి స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండా పరిగెత్తాను.

గేటు దగ్గర ఒక నడివయసు జంట బయటికి వెళ్తూ ఎదురైంది. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ మడతలు ఇంకా విడలేదు. ఆవిడ మెరూన్ రంగు పట్టుచీర కట్టుకుంది. చేతిలో ఆధార్ కార్డుల ప్లాస్టిక్ కవరు. నేను నమస్కారం పెట్టాను. ఆవిడ చూడనట్టే వెళ్ళిపోయింది. ఏం పొగరు, అనుకున్నాను.

టీచరుగారు లోపలికి వచ్చి, ఒక్కో జంట దగ్గర ఆగి, "మీ గోడ మీద నంబరెంతండీ?" అని అడుగుతూ తన కాగితంతో సరిచూసుకుంటూ వెళ్ళారు. పదిహేను జంటలు సరిపోయాయి. ఐదు సరిపోలేదు. ఆ ఐదు ఇళ్ళ నంబర్లు మా జాబితాలోనే లేవు.

"వీళ్ళెవరండీ?" అన్నారు టీచరుగారు వదినగారితో.

వదినగారు గర్వంగానే చెప్పారు. "మా ఊళ్ళో రాములవారి కల్యాణానికి పీటల మీద ఎవరు కూర్చోవాలో చీటీలు వేసి తీస్తామండి. ఎవరికైనా వీలు పడకపోయినా, చీటీ పడకూడనివాళ్ళకి పడినా, వాళ్ళ మనసు నొచ్చకుండా మాటాడి, ఇంకో మంచి జంటని కూర్చోబెడతాం. ఇక్కడా అలాగే చేసేమండి. ఒకాయన పొద్దున్నే తాగి ఉన్నాడు. ఒకళ్ళయితే నాలుగేళ్ళ బట్టి మాటాడుకోరు. ఇలాంటివాళ్ళని మీకు చూపిస్తే ఊరికి బాగుంటాదాండి? ఇక ఆ ముప్పై ఏడో నంబరు వాళ్ళయితే..." అని ఆగారు.

"వాళ్ళకేమైందండీ?"

"ఏమీ కాలేదండి, చాలా మంచివాళ్ళు. ఆవిడకి మొదటాయన పోయేక కువైట్ వెళ్ళి పదేళ్ళు ఇళ్ళల్లో పని చేసింది. తిరిగొచ్చేక, కొబ్బరి వలుపు చేసే ఆయన్ని చేసుకుంది. రిజిస్ట్రారాఫీసులో. మేం ఎవరం ఒక్క మాట కూడా అనలేదండి ఇప్పటిదాకా. కాకపోతే దంపతులు అంటే... మీకు తెలుసు కదండీ. ఇందాకా ఇద్దరూ తయారై వచ్చేరు పాపం. 'మీకెందుకమ్మా శ్రమ' అని మర్యాదగానే చెప్పి పంపించేం."

అప్పుడు నాకు గేటు దగ్గర చూసిన మెరూన్ చీర గుర్తొచ్చింది. చెవులు వేడెక్కాయి. ఆ హాల్లో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. అదే నాకు ఇంకా కష్టంగా తోచింది. ఎవరైనా ఒక్కరు పరుషంగా మాట్లాడి ఉంటే వాళ్ళ మీద కోప్పడి నా తప్పు మర్చిపోయేదాన్ని.

టీచరుగారు ముందు పులిహోర తిన్నారు. ఇంగువ బాగా పడిందని మెచ్చుకున్నారు. తర్వాత ఆ ఐదు జంటల దగ్గరికీ విడివిడిగా వెళ్ళి చేతులు జోడించారు. "క్షమించండి. ఈ కంప్యూటరు మిమ్మల్ని చూడలేదు. చూసుంటే మిమ్మల్నే తీసేది. చీటీ పడనివాళ్ళని రాస్తే నేను తప్పు చేసినదాన్ని అవుతానండి" అన్నారు. వాళ్ళు నవ్వుతూ తాంబూలం తీసుకుని వెళ్ళిపోయారు. వదినగారి మొహం మాత్రం మాడిపోయింది. మిగతా పదిహేనింటిలో ఒక్కో జంటనీ పిలిచి, భర్తని నేను వరండాలో, భార్యని టీచరుగారు లోపలి గదిలో అడిగేసరికి నాలుగు దాటింది.

బయటికి వచ్చాక, "జాబితా ఆవిడ చేతికి ఎలా వచ్చింది?" అని అడిగారు. చెప్పాను. తిడతారేమోనని ఎదురుచూశాను. "మూడుసార్లు వెళ్ళొచ్చు మనం. ఇవాళ ఒకటి" అన్నారంతే. ఆ తిట్టకపోవడం నన్ను బాగా తిట్టింది.

అయినా నా నోరు ఊరుకోదు. "మిగతా నాలుగు జంటల్నీ ఎలాగో పట్టుకుందామండి. ఆ ముప్పై ఏడు వదిలేద్దాం. ఇరవైలో ఒక్క జంట తగ్గితే ఏమవుతుంది?" అన్నాను. నిజానికి ఆ మెరూన్ చీర ఆవిడ మొహం చూడటానికి నాకు ధైర్యం లేదు.

టీచరుగారు గొడుగు తెరుస్తూ, "ఊరు మర్యాదగా వదిలేసింది. మనం కూడా వదిలేస్తే, ఆ రిజిస్టరులో తప్ప ఆవిడ పెళ్ళి ఇంకెక్కడా లేనట్టే" అన్నారు.

ముప్పై ఏడో నంబరు ఇల్లు ఊరి చివర, ఏటిగట్టు కింద ఉంది. రెండు గదుల పెంకుటిల్లు. సున్నం వేసిన గోడ మీద నేను స్వయంగా రాసిన నంబరు. ఆ రోజు ఇళ్ళ లెక్క రాస్తూ ఈవిడతోనే మాట్లాడి ఉంటాను. మొహం కూడా గుర్తులేదు.

ఆవిడ తలుపు తియ్యలేదు. కిటికీ దగ్గరికి వచ్చింది. ఇంకా ఆ మెరూన్ చీరే కట్టుకుని ఉంది.

"మమ్మల్ని వద్దనేసేరు కదండీ. మర్యాదగానే చెప్పేరు, మేమూ మర్యాదగానే వచ్చేసేం. మళ్ళీ ఏం పనండీ?" అంది. కిటికీ రెక్క వేసేసింది. కోనసీమలో గుమ్మం ముందుకొచ్చిన మనిషిని మంచినీళ్ళు కూడా అడగకుండా పంపడమంటే చిన్న సంగతి కాదు. నాకు ఆ రోజు దాహం వేసింది.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున్న కలిపి మిగతా నాలుగు జంటలూ దొరికాయి. మాట్లాడుకోని జంటలో భర్తని నేను అడిగాను. మధ్యలో ఆయన, "ఆవిడది అయిపోయిందేమో కనుక్కోండి. కాఫీ చల్లారిపోద్ది, చల్లారితే తాగదు" అన్నాడు. వదినగారు వద్దనుకున్న జంట అది.

రెండోసారి ముప్పై ఏడుకి మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్ళాం. ఆవిడ బయటికి రాలేదు. ఆయన వచ్చాడు. చేతుల నిండా కొబ్బరిపీచు గీరిన గాట్లు. నేలలో పాతిన ఇనుప మొన మీద రోజంతా కాయలు వలిచే చేతులు.

"ఆవిడ ఊఁ అంటే నాకేం లేదండి. ఆవిడ వద్దన్నాక నేను చెప్పేది ఏముంటాది?" అన్నాడు. గేటుదాకా మాతో నడిచి వచ్చి, గొంతు తగ్గించి, "మొన్న నా చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసిందండి. మా పెళ్ళై ఏడేళ్ళయింది. ఇద్దరినీ కలిపి ఎవరూ పిలవలేదు ఇప్పటిదాకా. ఊళ్ళో పెళ్ళిళ్ళకి శుభలేఖలు రెండు వస్తాయండి. నా పేరు మీద ఒకటి, ఆవిడ పేరు మీద ఒకటి. ఒకే గుమ్మంలో ఇచ్చి వెళ్తారు. మా నంబరుకి చీటీ పడిందని ఊళ్ళో ఎవరో అనగానే సంబరపడిపోయింది" అన్నాడు.

తిరిగొస్తూ ఉంటే నాకు ఏడుపొచ్చింది. ఎండ వల్ల కళ్ళు మండుతున్నాయని చెప్పాను.

ఇక మిగిలింది ఒక్కసారి. ఆ రోజూ కాదంటే 'ఒప్పుకోలేదు' అని రాసి ఊరు విడిచి వెళ్ళాలి. కాగితం మీద అది ఆవిడ నిర్ణయంలా కనిపిస్తుంది. కాదని మాకు తెలుసు.

మూడో రోజు పొద్దున్నే ఆ ఇంటి ముందు స్కూటీ ఆపగానే, "ఇవాళ నువ్వు మాటాడు" అన్నారు టీచరుగారు.

"నేనాండీ? నాకు మీలాగ నచ్చచెప్పడం రాదు."

"నచ్చచెప్పొద్దు. జరిగింది చెప్పు."

ఆవిడ అరుగు మీద ఊడుస్తోంది. మమ్మల్ని చూసి చీపురు ఆపింది గానీ లోపలికి వెళ్ళలేదు. మెడలో కార్డు రెండుసార్లు సర్దుకున్నాను. వందల గుమ్మాల ముందు నిలబడ్డ మనిషిని, నమ్మండి.

"తప్పు నాదండీ" అన్నాను. "ఆ నంబర్లు ఎవరికీ చూపించకూడదు. ఎండకి ఓర్చుకోలేక నేను వదినగారికి ఇచ్చేశాను. ఆవిడ మీ బదులు వేరేవాళ్ళని కూర్చోబెట్టారు. వాళ్ళని మేం రాయలేదు. చీటీ పడింది మీకే. మీరు ఇప్పుడు కూడా వద్దంటే వెళ్ళిపోతాం. కానీ మిమ్మల్ని వద్దన్నది మేం కాదని చెప్పకుండా వెళ్ళలేను."

ఆవిడ చీపురు గోడకి ఆనించింది. తర్వాత నన్ను వదిలేసి టీచరుగారిని అడిగింది. "ఒక్కమాట చెప్పండమ్మా. నిజంగా పడిందా, లేకపోతే మొన్న పంపించేసేరని జాలిపడి వచ్చేరా? జాలి పడేవాళ్ళు మాకు ఉన్నారండీ ఊళ్ళో. ఇంక అక్కర్లేదు."

టీచరుగారు సంచిలోంచి కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టారు. "ఊరంతటికీ తెలిసిపోయిన నంబర్లే ఇవి. పేర్లేమైనా ఉన్నాయేమో చూడండి" అన్నారు.

ఆవిడ చూసింది. ఇరవై అంకెలు. మధ్యలో ముప్పై ఏడు.

"మీరెవరో ఆ కంప్యూటరుకి తెలీదండి. ఎక్కడ పని చేసొచ్చేరో, ఎన్నో పెళ్ళో తెలీదు. ఈ ఇంట్లో ఆలుమగలు ఉన్నారా అని ఈ అమ్మాయి అడిగితే మీరు ఉన్నామన్నారు. అది రాసుకుంది. కంప్యూటరు కళ్ళు మూసుకుని రాశిలో చెయ్యి పెట్టింది. మీరు వచ్చేరు. జాలిపడేంత తెలివి దానికి లేదండి."

ఆవిడ ముందు పెదవులు బిగించింది. తర్వాత నవ్వొచ్చేసింది. ఆ నవ్వుతోనే కళ్ళు తుడుచుకుని లోపలికి తిరిగి, "ఏవండీ, బొండాలు కొట్టండి. వీళ్ళు వచ్చేరు" అని కేకేసింది.

టీచరుగారు లోపల గదిలో ఆవిడతో, నేను చూరు కింద ఆయనతో కూర్చున్నాం. "ఒక్క నిమిషం అండీ" అని ఆయన లోపలికి వెళ్ళి, ఆ తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. వాళ్ళు చెప్పిన జవాబులు నేను ఇక్కడ రాయను, రాయకూడదు. మొదటి ప్రశ్న ఒక్కటి చెప్పినా ఎవరి రహస్యమూ బయటపడదు. మీకు పెళ్ళయిందా, భార్యతో కలిసి ఉంటున్నారా అన్నది ఆ ప్రశ్న. ఎన్ని వందలసార్లు అడిగానో, ఎవరూ దానికి ఆలోచించరు. ఈయన చొక్కా పైగుండీ పెట్టుకుని, నిటారుగా కూర్చుని, "ఆయ్. అయ్యిందండి. ఉంటున్నామండి" అన్నాడు.

మేం బయల్దేరేసరికి వదినగారు వీధి మలుపులో నిలబడి ఉన్నారు. "అయ్యిందాండి?" అన్నారు.

"అయ్యిందండి. ఇద్దరూ చక్కగా చెప్పేరు" అన్నారు టీచరుగారు.

"నేను మంచికే చేసేనండి."

"నాకు తెలుసండి. పులిహోర రుచి ఇంకా నోట్లోనే ఉంది." అంతకుమించి టీచరుగారు ఒక్క మాట అనలేదు. నేనైతే అనేదాన్ని. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాటిలో నాకు ఇంకా పట్టుబడనిది అదే.

టీచరుగారు తర్వాత మోకాళ్ళ నొప్పులతో పని మానేశారు. వెళ్తూ ఆ గొడుగు తీసుకెళ్ళారు, సుద్దముక్కల పెట్టె నా సంచిలో వేశారు. కిందటి వేసవిలో అప్పనపల్లి వైపు పని ఉండి వెళ్తూ, దారి మళ్ళించి ఆ ఇంటి ముందు ఆగాను. గోడలకి లేత ఆకుపచ్చ రంగు వేయించారు. గుమ్మం పక్కన అరచేతి వెడల్పున పాత సున్నం మాత్రం అలాగే ఉంది. దాని మీద ముప్పై ఏడు. అంకెలు తాజాగా ఉన్నాయి, నా చేతిరాత కాదు.

"వానకి చెరిగిపోద్దని ఆయన దిద్దుతూ ఉంటారండి" అంది ఆవిడ, నేను అడగకుండానే.

బొండాం తాగుతూ శుభలేఖల సంగతి అడిగాను. "ఇప్పటికీ రెండే వస్తాయండి" అని నవ్వింది. "ఇదివరకు ఆయనది పట్టుకుని ఆయన, నాది పట్టుకుని నేను వెళ్ళేవాళ్ళం, వేరే వేరే వేళలప్పుడు. ఇప్పుడు ఒకటి ఇంట్లో పడేసి, రెండోది పట్టుకుని ఇద్దరం కలిసే వెళ్తున్నాం. కూర్చోమంటున్నారండి."

నేను స్కూటీ తీస్తుంటే గేటుదాకా వచ్చి, కాస్త మొహమాటపడుతూ, "మీ దగ్గర సుద్దముక్క ఏమైనా ఉందాండి? మాది అరిగిపోయింది" అంది.

టీచరుగారి పెట్టె తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఒక్కటి చాలంది. మొత్తం ఉంచుకోమన్నాను.